వెనక సీటు కింది చప్పుడు

తాళం తిప్పితే సెల్ఫు తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే వరస, తిరిగినంతసేపు తిరిగి ఊరుకుంది. ఏమే ముసలిదానా, ఏడాది పొడుగునా బుద్ధిగా ఉండి అలగడానికి ఇవాళే దొరికిందా నీకు? ఇవాళ మధ్యాహ్నానికల్లా బాపును కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందు నిలబెట్టాలి. అక్కడి డాక్టర్లు బాపు వెన్నుపూస చూసి, ఈ మనిషి ఇక బొగ్గుబాయిలోకి దిగలేడు, అన్‌ఫిట్ అని తేలిస్తే బాపు ఉద్యోగం వారసురాలిగా నాకు వస్తుంది. తేల్చకపోతే రాదు. వచ్చే నెలతో వారసులకు పెట్టిన వయసు హద్దు నేను దాటిపోతాను, ఆ తర్వాత బాపు నడుము విరిగి మంచాన పడ్డా నాకు ఒరిగేదేమీ లేదు. పోయినసారి పిలుపు వచ్చినప్పుడు బాపుకు జ్వరం తగిలింది, పోలేకపోయాం. కనుక ఇవాళే, ఈ కారులోనే, అదీ ఇంకాసేపట్లో బయల్దేరితేనే. ఇదంతా తెలిసిన మనిషి నా కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు, తెల్ల అంగీ ఇస్త్రీ మడత నలగకుండా, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళిచూపులకు బయల్దేరిన వాడిలా. "ఏమైంది బిడ్డా?" అంటున్నాడు. ఏమైందో నాకేం తెలుసు, నిన్న సాయంత్రం చౌరస్తా దాకా పోయి పెట్రోలు పోయించి, టైర్లలో గాలి కొట్టించి, అద్దం మీది బొగ్గు దుమ్ము కడిగి నిలబెట్టాను, అప్పుడు లక్షణంగా ఉంది.

"బ్యాటరీ సూడు" అన్నాడు బాపు. చూడనక్కర్లేదు, సెల్ఫు అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీకి ఏం రోగం, అయినా బాపు మాట కాబట్టి లైట్లు వేశాను, ఎదురింటి గోడ మీద వెలుగు పడింది, హారన్ కొట్టాను, వాకిట్లో ముగ్గు వేస్తున్న ఎదురింటి అనసూర్యక్క ఉలిక్కిపడి లేచి చూసింది. ఇంకా పోలేదా అని ఆ చూపుకు అర్థం, ఇవాళ బోర్డుకు పోతున్నామని వారం నుంచి వాడంతా చెప్పుకుని తిరిగాను మరి. బ్యాటరీల సంగతి నాకొకరు చెప్పాలా, ఇన్వర్టర్ల దుకాణంలో ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే కదా, నా చున్నీలన్నిటికీ యాసిడ్ చిల్లులే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేర్చింది కూడా ఈ బాపే. ఆ బ్యాచీలో ఆడపిల్లను నేనొక్కదాన్నే, అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది, మొగపోరగాళ్ళ నడుమ స్క్రూడ్రైవరు పట్టుకుని ఏం చదువని. "దాని చెయ్యి సూసినవా, తీగె పట్టుకుంటె ఎట్ల ఆగుతదో? వీరుగాని చెయ్యి గట్ల ఆగదు" అన్నాడు బాపు, మా తమ్ముణ్ణి చూపించి. ఒక్క మాట. పెళ్ళి పొసగక ఆరు నెలల్లో తిరిగొచ్చి ఈ ఎయిటింక్లైన్ కాలనీ క్వార్టర్లో నలుగురి చూపులూ మోస్తూ తిరిగినప్పుడు కూడా ఆ ఒక్క మాట మీద నిలబడ్డాను, నా చెయ్యి ఆగుతుంది, నా చేతికి పని తెలుసు, మా బాపుకు ఆ సంగతి తెలుసు. పాడైనదేదైనా ఎలా వెతకాలో ఆయనే నేర్పాడు. కరెంటు యాడ బయల్దేరిందో ఆడికెల్లి దానెంబడి నడువు బిడ్డా, అది యాడ ఆగిపోయిందో ఆడ నువ్వూ ఆగు, అనేవాడు. అలాగే నడుస్తున్నాను. బ్యాటరీ దాటాను, సెల్ఫు దాటాను, ఇంకా ముందుకు పోవాలి.

"ప్లగ్గులు ఇప్పు. గింత జల్దేమున్నది, నిమ్మళంగ సూడు." నిమ్మళంగానా! డ్యూటీ సైరన్ మోగేసరికే బాయి దగ్గర ఉండాలని, టిఫినుబాక్సు మూత సరిగా పడకముందే లాక్కుని పరిగెత్తిన మనిషి, రైలెక్కాలంటే తెల్లారకముందే స్టేషన్లో కూర్చోబెట్టే మనిషి, ఇవాళ నన్ను నిమ్మళంగా చూడమంటున్నాడు. నా కంగారు చూసి ధైర్యం చెబుతున్నాడనుకున్నాను, ముచ్చటేసింది కూడా. బానెట్ ఎత్తి పానా పెట్టి ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పుతుంటే బాపు పక్కన నిలబడి గుడ్డ అందించాడు. వేళ్ళకు మసి అంటింది కానీ తడి అంటలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన లేనే లేదు. అన్నీ పొడిగా ఉన్నాయి. అంటే నిప్పు సంగతి తర్వాత, ముందు పెట్రోలే ఇంజను దాకా రావడం లేదు. ట్యాంకు నిండుగా ఉంది, నిన్న పోయించింది నేనే, మరి దారిలో ఆపిందెవరు? ఏదో చిన్న సంగతే, దొరుకుతుంది, దొరక్కపోతుందా. ప్లగ్గులు మళ్ళీ బిగిస్తున్నప్పుడు ఎందుకో వీరు గుర్తొచ్చాడు. మా తమ్ముడు వీరేందర్‌కు ఈ పానా ఏ వైపు తిప్పితే బిగుస్తుందో ఇప్పటికీ తెలియదు. హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసులో పని చేస్తున్నన్నాళ్ళూ "నాకెందుకే అక్కా గా బొగ్గు, నువ్వే తీస్కో" అని పెద్ద మనసు చేసుకుని, తనకు అభ్యంతరం లేదని సంతకం కూడా పెట్టిపోయాడు. మొన్న ఎండాకాలంలో ఆ ఏసీ ఆఫీసు మూతపడింది. ఇంకోటి దొరకలేదు. పోయిన ఆదివారం చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు, అమ్మ నాటుకోడి కోసింది, నేను దుకాణం నుంచి వచ్చేసరికి ముగ్గురూ నడిమింట్లో దగ్గరగా కూర్చుని ఉన్నారు, నా చెప్పుల చప్పుడుకు మాట ఆగిపోయింది. ఏం మాట్లాడుతున్నరని అడిగాను. "ఏం లేదక్కా, బాపు నడుం సంగతే" అన్నాడు వీరు, కోడికాలు నా కంచంలో వేస్తూ. వాడు తన కంచంలోని ముక్క నాకు వేయడం అదే మొదటిసారి, మర్నాడే హైదరాబాద్ బస్సెక్కి పోయాడు. తమ్ముడికి కష్టమొచ్చాక ప్రేమ పుట్టిందని సంబరపడ్డాను, పిచ్చిదాన్ని.

పిచ్చిదాన్ని అని ఇప్పుడంటున్నాను, అప్పటికింకా తెలివి రాలేదు. బానెట్ దించి చేతులు తుడుచుకుంటూ, "బాపూ, దీన్ని తర్వాత సూస్త, ట్యాక్సీ మాట్లాడుతనుండు, ఇప్పుడు ఎల్లినా అందుకుంటం" అన్నాను. బాపు తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. ఎవడో కొత్తోడు గా గుంతలల్ల ఇష్టమొచ్చినట్టు తోల్తె నా నడుము ఇరుగుతది. నువ్వు తోలితెనే పోత." ఈ మాటకు కూడా నేను పొంగిపోయాను, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆ పొంగులోనే అమ్మవైపు చూశాను, తలుపు దగ్గర గడపకు ఆనుకుని నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చేతులు ఎందుకో కంట్లో నలుసులా పడ్డాయి. మా అమ్మ సమ్మవ్వ సంగతి ఈ వరసంతా ఎరుగుదురు, పక్కనున్న పెద్దపల్లికి పోయొస్తామన్నా సద్ది కట్టకుండా గడప దాటనివ్వదు, బయటి తిండి తింటే పేగులు పాడైపోతాయని ఆవిడ నమ్మకం. కొత్తగూడెం అంటే పోనూ రానూ రాత్రి దాకా పట్టే ప్రయాణం. పులిహోర లేదు, చపాతీల మూట లేదు, నీళ్ళ సీసా లేదు. వంటింట్లోంచి పొద్దున్నుంచీ తాలింపు వాసనే రాలేదన్నది అప్పుడు తోచింది. నేనే హడావిడిలో ఉండి పట్టించుకోలేదు. మరిచిపోయి ఉంటుంది, కొడుకు బెంగలో ఉంది, పోనీలే దారిలో ఏ జమ్మికుంట దగ్గరో తింటాం, అని సర్దుకున్నాను. మన వాళ్ళ విషయంలో మనసు ఎంత తొందరగా సర్దుకుంటుందో, పరాయి వాళ్ళయితే ఎప్పుడో పట్టేసుకునేదాన్ని.

మళ్ళీ కారులో కూర్చున్నాను. తాళం సగం తిప్పి ఆపాను, సెల్ఫు దాకా పోనివ్వకుండా. మొదటి షిఫ్టు వాళ్ళ బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, అవి దాటేదాకా ఆగి, మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పి విన్నాను. వెనక సీటు కింద పెట్రోలు పంపు ఉంటుంది, తాళం సగం తిప్పగానే అది ఒక్క క్షణం గుయ్యిమని ఊరుకోవాలి, అదే ఈ కారు గొంతు సవరించుకోవడం. ఇవాళ గొంతు లేదు. ఈ చప్పుడు సంగతి చెప్పింది కూడా బాపే, రిటైరై ఊరికి పోతున్న, బాయిలో పని చూసే ఓవర్‌మన్ దగ్గర ఈ కారు తీసుకున్న రోజున, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక సీట్లో వంగి చెవి ఆనించి, "గిది ఇన్నంకనే సెల్ఫు కొట్టాలె బిడ్డా. ఇది ఇనవడకపోతె మిగతాయి ఏవీ ఇప్పొద్దు, ముందు దీని ఫ్యూజు సూడు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మరి ఇవాళ బ్యాటరీ చూడమన్నాడు, ప్లగ్గులు విప్పమన్నాడు, నిమ్మళంగా విప్పమన్నాడు. పంపు మాటే ఎత్తలేదు. బాయిలో బ్లాస్టింగులకు బాపు ఎడమ చెవి మందగించింది, చప్పుడు ఆగిపోయిన సంగతి తెలియలేదేమో. తెలియకపోతే మాత్రం ముందు అదే చూడాలని గుర్తుండదా? ఉండదేమో, వయసు. అని ఆయన తరఫున నేనే వకాల్తా పుచ్చుకుని, స్టీరింగు కింద, కుడి మోకాలి దగ్గరుండే ఫ్యూజుల డబ్బా మూత తీశాను. మూత తీసి, సెల్‌ఫోను లైటు వేసి, తల దూర్చి చూశాను.

పెట్రోలు పంపు ఫ్యూజు కాలిపోలేదు. కాలిపోయి ఉంటే ఎంత బాగుండేది. అది అసలు లేదు. వరసలో దాని గడి ఒక్కటే ఖాళీగా ఉంది, మిగిలిన వాటన్నిటి మీదా ఏళ్ళనాటి దుమ్ము పేరుకుని ఉంది, ఆ గడి చుట్టూ మాత్రం వేలికొనలు రాసుకుపోయి శుభ్రంగా ఉంది. ఊడిపడేది కాదు అది, గట్టిగా పట్టుకుని తిన్నగా లాగితే తప్ప రాదు. ఏ ఫ్యూజు తీస్తే బండి ఆగుతుందో తెలిసిన వాళ్ళు తీశారు. తీశాక మూత రెండు కొక్కేలూ పడేట్టు జాగ్రత్తగా బిగించారు. ఈ ఇంట్లో ఆ పని తెలిసిన వాళ్ళం ఇద్దరమే. నేను తీయలేదు. తల దూర్చిన చోటునుంచి తీయకుండా అలాగే ఉండిపోయాను. పైకి చూడాలంటే భయమేసింది. చూస్తే తెలిసిపోతుంది, చూడకపోతే ఇంకాసేపు తెలియకుండా ఉంటుంది. రాత్రి మగత నిద్రలో కారు తలుపు మెల్లగా మూసిన చప్పుడు విన్నాను కదూ, కల అనుకుని పక్కకు తిరిగాను కదూ.

బొగ్గుబాయి లోపల, లైను మీద చెయ్యి పెట్టేముందు బాపులాంటి ఎలక్ట్రీషియన్ ఫ్యూజు పీకి తన అంగీ జేబులో వేసుకుంటాడు. పక్కన పెట్టడు, హెల్పర్ చేతికివ్వడు, ఎంత నమ్మిన మనిషికైనా ఇవ్వడు. ఫ్యూజు తన జేబులో ఉన్నంతసేపు పైనున్న వాళ్ళెవరూ పొరపాటున కరెంటు వదల్లేరు, పని ముగించి బయటికొచ్చి తన చేత్తో తను పెట్టాల్సిందే. ముప్పై ఏళ్ళు అలా చేసిన చేతికి ఇక వేరే అలవాటు ఉండదు. నా చిన్నప్పుడోసారి ఇంట్లో ఫ్యాను బాగుచేయబోయి, ఫ్యూజు జేబులో వేసుకుని, పని సగంలో వదిలేసి రెండో షిఫ్టుకు పోయాడు, ఆయన తిరిగొచ్చేదాకా ఇల్లంతా చీకటి, అమ్మ తిట్టిపోసింది, వీరు ఏడ్చాడు, నేను మాత్రం రేపు బళ్ళో చెప్పుకోవాలని మురిసిపోయాను, మా బాపు జేబులో మా ఇంటి కరెంటంతా ఉందని. తల పైకెత్తాను. బాపు కిటికీలోంచి వంగి చూస్తున్నాడు. "దొరికిందా?" అంటున్నాడు. తెల్లటి పల్చటి అంగీ, కొత్తగా ఇస్త్రీ చేసింది, ఆ జేబు అడుగున, బట్ట వెనక, గోరంత నీలం. పంపు ఫ్యూజు నీలంగానే ఉంటుంది.

ఇంకెవరైనా అయితే మోరీలో పారేసేవారు. పారేసి ఉంటే నాకు జన్మలో తెలిసేది కాదు, పాత బండి, ఎక్కడో ఊడిపోయి ఉంటుంది, నా ఖర్మ, అనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని, బాపు నా తల నిమిరేవాడు, నేను ఆయన భుజం మీదే ఏడ్చేదాన్ని. దానికి కూడా సిద్ధపడ్డాడన్నమాట. తల నిమరడానికి కూడా. కాదనొచ్చు కదా, నీకివ్వను బిడ్డా, కొడుక్కిస్తానని ముఖం మీద చెబితే పోయేది కదా, కొట్లాడేదాన్ని, అరిచేదాన్ని, నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని, ఆ తర్వాత ఏదో ఒకటి అయ్యేది. ఇందులో కాదనక్కర్లేదు, ఆలస్యమైతే చాలు. ఇవాళ పొద్దు వాలితే చాలు, తర్వాతి పిలుపు వచ్చేసరికి నా వయసు హద్దు దాటిపోతుంది, వీరు ఒక్కడే మిగులుతాడు, తప్పు కారుది, ఇంట్లో అందరూ మంచివాళ్ళే. పోయినసారి జ్వరమో? థర్మామీటర్ నేను చూశానా? లేదు, అమ్మ చూసింది. ఆదివారం నాటుకోడి, నా కంచంలో పడిన కోడికాలు, పొద్దున పొయ్యి వెలిగించని వంటిల్లు, నువ్వు తోలితేనే పోతానన్న మాట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. ముగ్గురూ కలిసి. నన్ను అవతల పెట్టి, నా కంచంలో వేసిన కోడికాలితో, నేను తోలే కారుతో, నాకు నేర్పిన విద్యతో. పరాయి వాళ్ళు ఎవరో నన్ను ముంచారంటే ఇంటికొచ్చి ఈ మనిషికే చెప్పుకునేదాన్ని, ఈ మనిషే ముంచితే ఎవరికి చెప్పుకోను?

"దొరికింది బాపూ" అన్నాను. హారన్ ఫ్యూజు కూడా నీలమే, అంతే కరెంటు ఓపుతుంది, దాన్ని పీకి పంపు గడిలో నొక్కాను. తాళం సగం తిప్పాను, వెనక సీటు కింద గుయ్యిమంది. పూర్తిగా తిప్పాను. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. తల తిప్పి బాపు ముఖం చూశాను. పొద్దున్నుంచీ స్టార్టు కాని బండి స్టార్టయితే మనిషి ముఖంలో ఉండాల్సింది ఒకటుంటుంది కదా, అది అక్కడ లేదు. "మంచినీళ్ళు తాగొస్త" అని లోపలికి పోయాడు. ముందు తలుపు తెరిచి ఆయన సీటు వెనక్కి జరిపి, నడుముకు దిండు సర్ది కూర్చున్నాను. ఎందుకు సర్దానో నాకే తెలియదు. వస్తాడనే అనుకుంటున్నాను, ఇంత తెలిశాక కూడా, మనసు మార్చుకుని చెప్పులేసుకుని వస్తాడని. నీళ్ళు తాగడానికి అంతసేపు ఎవరికీ పట్టదు.

అమ్మ వచ్చింది. కిటికీ దగ్గరికి రాలేదు, మెట్ల మీదే ఆగింది. "మీ బాపుకు పానం మంచిగ లేదట బిడ్డా. రానంటున్నడు." నాకు నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను, అనసూర్యక్క మళ్ళీ తలెత్తి చూసింది. జబ్బు మనిషినని రాయించుకోవడానికి పోవాల్సిన మనిషి, జబ్బుగా ఉందని రానంటున్నాడు! "పానం మంచిగ లేనోళ్ళనేనమ్మా వాళ్ళు రమ్మనేది" అన్నాను. అమ్మ నా ముఖం చూసింది, తెలిసిపోయిందని తెలిసింది, కొంగు నోటి మీది నుంచి తీసేసింది. "నీ చేతిల పనున్నది దీపా, యాడున్నా నువ్వు బతుకుతవు. వీరుగానికి ఏమున్నది చెప్పు? ఇంకో పిలుపు దాక ఆగితె వానికొస్తది గద" అంది, నన్ను బతిమాలుతున్నట్టు, నేనేదో ఇవ్వనంటున్నట్టు. నా చెయ్యి ఆగుతుంది కాబట్టి నాకు అక్కర్లేదు. వాడి చెయ్యి ఆగదు కాబట్టి వాడికివ్వాలి. ఇన్నేళ్ళు నేను దాచుకుని చూసుకున్న ఒకే ఒక్క మెప్పును మడిచి నా చేతిలోనే పెట్టారు, ఇదిగో నీ వాటా అని.

కారు దిగి, అమ్మను దాటుకుని లోపలికి పోయాను. బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తెల్ల అంగీ అలాగే ఉంది, వీపు కింద మడత నలుగుతోంది. నిద్ర నటించడం కూడా రాదు ఆ మనిషికి, ఊపిరి ఆపుకుని పడుకున్నాడు. నేను మంచం కోడు దగ్గర నిలబడ్డాను, అరుస్తానని నేనే అనుకున్నాను కానీ గొంతు చాలా మామూలుగా వచ్చింది.

"ఒక్కమాట నోటితోని చెప్తె పోయేది గద బాపూ."

గోడవైపే తిరిగి ఉండి అన్నాడు. "నీ మొఖం సూసి వద్దని చెప్పనీకి నాకు నోరు రాలేదు బిడ్డా."

"మరి చెయ్యెట్ల వచ్చింది?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బయట కారు స్టార్టయి నడుస్తూనే ఉంది, కిటికీలోంచి పెట్రోలు వాసన లోపలికి వస్తోంది. దాన్ని ఆపడానికి ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు.